పది రోజులు, ఒక బస్సు, ఒక జన్మహక్కు

జన్మహక్కు అనే మాట వినగానే మనకు తిలక్ గుర్తొస్తాడు. పోరాడి తెచ్చుకోవాల్సిన స్వరాజ్యం గురించి ఆయన వాడిన మాట అది. యూదుల లోకంలో అదే మాట ఒక ఉచిత టూర్‌కు పేరైంది. ‘బర్త్‌రైట్ ఇజ్రాయెల్’ పేరుతో 1999 చివర్లో మొదలైన ఈ యాత్రలో పద్దెనిమిది నిండిన యూదు యువతీ యువకులను పది రోజుల పాటు ఇజ్రాయెల్ తిప్పి చూపిస్తారు. విమాన టికెట్టు, హోటలు, బస్సు, గైడు, చాలా పూటల భోజనం అన్నీ సంస్థ ఖాతాలోనే. ఇప్పటికి ఎనిమిది లక్షల మందికి పైగా ఇలా వెళ్లొచ్చారు. వాళ్లలో ఎక్కువ మంది అమెరికా, కెనడాల వాళ్లు. మిగతావాళ్లు రష్యా, అర్జెంటీనా, ఫ్రాన్స్ లాంటి దేశాల నుంచి వచ్చినవాళ్లు.

హీబ్రూలో ఈ యాత్ర పేరు వేరు. తగ్లీత్ అంటారు. కనుగొనడం అని అర్థం. ఇంగ్లిష్ పేరు ‘ఇది నీకు పుట్టుకతోనే వచ్చింది, తీసుకో’ అంటుంది. హీబ్రూ పేరు ‘వెళ్లి వెతుక్కో’ అంటుంది. పాతికేళ్లుగా ఈ యాత్ర మీద నడుస్తున్న వాదనల్లో సగం ఈ రెండు పేర్ల మధ్య ఉన్న దూరంలోంచి పుట్టినవే.

ఇంకో విచిత్రం ఉంది. వెళ్లొచ్చినవాళ్లను కదిపితే జెరూసలేం గోడ గురించో మృత సముద్రం గురించో రెండు ముక్కలు చెప్పి, అక్కడి నుంచి బస్సు మీదికి వెళ్లిపోతారు. బస్సులో ఎవరి పక్కన కూర్చున్నారు, ఎవరు ఎవరి భుజం మీద నిద్రపోయారు, ఏ రాత్రి హోటల్ వరండాలో తెల్లవారే దాకా ఏం మాట్లాడుకున్నారు, ఇవే కబుర్లు. అది చూపు లోపం కాదు. యాత్రను తయారుచేసిన తీరే అది. చూపించే స్థలాలు ఎంత గొప్పవైనా అసలు పని చేసేది నలభై మందిని పది రోజులు విడవకుండా కూర్చోబెట్టే ఆ బస్సే.

మొదట ఇది ఎందుకు పుట్టిందో చూడాలి. 1990లో అమెరికా యూదుల మీద జరిగిన ఒక జాతీయ సర్వే ఒక అంకె బయటపెట్టింది. అంతకు ముందు ఐదేళ్లలో పెళ్లి చేసుకున్న యూదుల్లో 52 శాతం మంది యూదులు కానివాళ్లను చేసుకున్నారని ఆ అంకె చెప్పింది. సమాజ పెద్దల్లో పెద్ద టెన్షన్ మొదలైంది. పిల్లల్ని ఊచకోతల నుంచి కాపాడుకున్నాం, ఇప్పుడు ప్రేమగా పిలిచి కౌగిలించుకుంటున్న అమెరికాలో పోగొట్టుకుంటామా అన్నది వాళ్ల బెంగ. తర్వాతి సర్వేలో లెక్క కట్టే పద్ధతి సరిచేసి చూస్తే ఆ 52 కాస్తా 43 అయింది. కానీ సవరణలు ఎవరికి గుర్తుంటాయి? అప్పటికే ఆ మొదటి అంకె చేయాల్సిన పని చేసేసింది. నిజానికి ధోరణి మాత్రం అబద్ధం కాదు. ప్యూ సంస్థ 2020 సర్వే ప్రకారం 2010 తర్వాత పెళ్లయిన అమెరికా యూదుల్లో 61 శాతం మంది జీవిత భాగస్వాములు యూదేతరులే.

యాత్ర ఆలోచన ఇజ్రాయెల్ నాయకుడు యోసీ బైలిన్‌ది. పాలస్తీనీయులతో ఓస్లో ఒప్పందానికి దారి వేసిన శాంతివాది ఆయన. డబ్బు పెట్టడానికి ముందుకొచ్చిన ఇద్దరిలో ఒకరు కెనడాకు చెందిన మద్యం వ్యాపార కుటుంబ వారసుడు చార్లెస్ బ్రాన్‌ఫ్‌మన్, రెండోవారు వాల్ స్ట్రీట్‌లో సంపాదించిన మైఖేల్ స్టైన్‌హార్ట్. స్టైన్‌హార్ట్ తాను నాస్తికుడినని చెప్పుకునే మనిషి. ఆ తర్వాత 2007 నుంచి అందరికన్నా పెద్ద దాతగా నిలిచినవాడు లాస్ వేగాస్ క్యాసినోల యజమాని షెల్డన్ అడెల్సన్. రాజకీయంగా గట్టి రైట్‌వింగ్ మనిషి, ఇజ్రాయెల్ నేత నెతన్యాహుకు అండగా ఉన్నవాడు. శాంతివాది ఆలోచన, నాస్తికుడి చెక్కు, క్యాసినో లాభం కలిసి నడిపిన తీర్థయాత్ర ఇది. దానికి తోడు ఇజ్రాయెల్ ప్రభుత్వం కూడా బడ్జెట్‌లోంచి వాటా ఇస్తుంది. మన దగ్గర దేవాదాయ శాఖ లెక్కలు చూసినవాళ్లకు ఈ కలగలుపు మరీ వింతగా తోచకపోవచ్చు.

సీటు ఎవరికి దొరుకుతుందన్నది ఈ కథలో ముఖ్యమైన మలుపు. తల్లిదండ్రుల్లో ఒకరు యూదులైనా చాలు, లేదా గుర్తింపు పొందిన పద్ధతిలో యూదు మతం తీసుకున్నా చాలు. వేరే మతాన్ని పాటిస్తూ ఉండకూడదు. వయసు 18 నుంచి 26 వరకు. కొన్నేళ్ల పాటు 32 దాకా పెంచి చూసి, మళ్లీ 26కే తెచ్చారు. చిన్న ఇంటర్వ్యూ ఉంటుంది. అమెరికా వాళ్లు కొంత డిపాజిట్ కడతారు, యాత్ర అయ్యాక వెనక్కి వస్తుంది. సీటు తీసుకుని ఎగ్గొట్టకుండా పెట్టిన తాళం అది.

సంప్రదాయ యూదు చట్టం ప్రకారం తల్లి యూదురాలైతేనే బిడ్డ యూదు. ఈ యాత్రకు మాత్రం తండ్రి యూదుడైనా సరిపోతుంది. అంటే తండ్రి వైపు నుంచి మాత్రమే యూదత్వం వచ్చిన అమ్మాయిని ‘ఇది నీ ఇల్లు’ అని చెప్పి విమానం ఎక్కించి తీసుకొస్తారు. ఆ అమ్మాయి ఆ మాట నమ్మి, అక్కడే ఉండిపోయి, అక్కడి అబ్బాయిని పెళ్లి చేసుకుందామనుకుంటే కుదరదు. ఇజ్రాయెల్‌లో యూదుల పెళ్లిళ్లు రబ్బీల (యూదు మతగురువుల) పీఠం చేతిలో ఉన్నాయి. మన రిజిస్టర్ మ్యారేజీ లాంటి దారి ఆ దేశంలో లేదు. ఆ రబ్బీలు ఆమెను యూదురాలిగా లెక్కించరు. జంట వేరే దేశపు చట్టం కింద పెళ్లి చేసుకుని, కాగితాలు తెచ్చి నమోదు చేయించుకోవాలి. బస్సు తలుపు ఇంటి తలుపు కన్నా వెడల్పుగా ఉందన్న సంగతి ఏ బ్రోషరులోనూ కనిపించదు.

ఇక్కడ మన నేల మీది ఒక చిన్న సమాజం గురించి చెప్పుకోవాలి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే కొన్ని కుటుంబాలు తాము బెనే ఎఫ్రాయిమ్‌లమని, ఇజ్రాయెల్ నుంచి చెదిరిపోయిన గోత్రాల్లో ఒకదానికి వారసులమని చెప్పుకుంటాయి. 1980ల నుంచి సబ్బాతు (యూదుల శనివారపు విశ్రాంతి దినం) పాటిస్తున్నారు, హీబ్రూ నేర్చుకుంటున్నారు, సొంత ప్రార్థనాలయం కట్టుకున్నారు. ఎక్కువ మంది మాదిగ కుటుంబాల వాళ్లు. అంతకు ముందు క్రైస్తవులుగా ఉన్నవాళ్లు. ఇజ్రాయెల్ అధికారికంగా వీళ్లను గుర్తించలేదు. అలాంటి మరో గోత్రం వారసులమని చెప్పుకునే మణిపూర్, మిజోరంల బ్నెయ్ మెనాషేలను మాత్రం 2005లో అక్కడి ప్రధాన రబ్బీ ఒకరు ఇజ్రాయెల్ సంతతిగా ఒప్పుకున్నారు; మతంలోకి లాంఛనంగా చేరాక వేల మంది అక్కడ స్థిరపడ్డారు. వారానికి ఒక్కసారి కూడా ప్రార్థన చేయని న్యూజెర్సీ కుర్రాడికి పుట్టుకతో వచ్చిన హక్కు, నాలుగు దశాబ్దాలుగా సబ్బాతు దీపం పెడుతున్న గుంటూరు కుటుంబానికి ఎందుకు రాదు? సమాధానం తెలిసినదే. జన్మహక్కు అనేది ఎప్పుడూ జన్మను ధ్రువీకరించే కుర్చీలో ఎవరు కూర్చున్నారన్న దాని మీద ఆధారపడుతుంది. కులధ్రువీకరణ పత్రం కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు.

ఇక బస్సులోకి.

విమానం దిగగానే మెడలో పేరు కార్డు వేస్తారు. ఒక్కో బస్సుకు దాదాపు నలభై మంది, వాళ్ల దేశం నుంచే వచ్చిన ఇద్దరు పెద్దదిక్కులు, లైసెన్సున్న ఇజ్రాయెలీ గైడు, తుపాకీతో ఒక కాపలా మనిషి. ప్రథమ చికిత్స చేసేది కూడా ఆ కాపలా మనిషే. ప్రతి ఒక్కరికీ ఒక నంబరు. ఎక్కడ ఆగినా, ఎక్కిన ప్రతిసారీ ఒకటి, రెండు, మూడు అంటూ వరసగా అరవాలి. పదిహేడు పలకకపోతే బస్సు కదలదు. మొదటి రోజు ఇది చిన్నపిల్లల వ్యవహారంలా ఉంటుంది. నాలుగో రోజుకు పదిహేడు ఎవరో, ఎప్పుడూ ఎందుకు ఆలస్యం చేస్తుందో అందరికీ తెలుసు, దాని మీద జోకులు కూడా పుట్టి ఉంటాయి. స్కూల్ ఎక్స్‌కర్షన్‌కు వెళ్లినవాళ్లకు ఈ మాయ తెలుసు. కాశీ యాత్రా స్పెషల్ బస్సుల్లో వెళ్లొచ్చిన ముసలమ్మలకు ఇంకా బాగా తెలుసు. వాళ్లు పదేళ్ల తర్వాత కూడా ‘మా బస్సులో వచ్చిన వదినగారు’ అంటారు.

నిద్ర తక్కువ. కార్యక్రమం పొద్దున్నే మొదలై రాత్రి దాకా సాగుతుంది, ఆ తర్వాత కుర్రకారు సొంత కార్యక్రమం మొదలవుతుంది. మూడు నాలుగు రోజులు అలా గడిచాక మనిషికి ఏడుపూ నవ్వూ రెండూ తొందరగా వస్తాయి. ఇది కావాలని చేసిన ఏర్పాటని విమర్శకులు అంటారు. పది రోజుల్లో ఇన్ని చూపించాలంటే తప్పదని నిర్వాహకులు అంటారు. రెండూ నిజం కావచ్చు.

మసాదా తీసుకోండి. దాదాపు అన్ని బస్సులూ వెళ్లే చోటు. తెల్లవారుజామున నాలుగింటికి లేపుతారు. చీకట్లో, చేతిలో నీళ్ల సీసాతో పాము దారి అనే మెలికల కాలిబాట ఎక్కాలి. మృత సముద్రం మీంచి దాదాపు 400 మీటర్లు నిటారుగా లేచిన కొండ అది. పైకి చేరేసరికి చొక్కా తడిసిపోయి ఉంటుంది, మోకాళ్లు వణుకుతుంటాయి. అప్పుడు సముద్రం అవతల జోర్డాన్ కొండల మీంచి సూర్యుడు వస్తాడు. గైడు కథ చెబుతాడు. హేరోదు రాజు కట్టిన కోట, రోమన్ల మీద తిరగబడ్డ యూదుల చివరి స్థావరం, క్రీస్తు శకం 73 ప్రాంతంలో ముట్టడి, బానిసలుగా బతకడం కన్నా చావే మేలని 960 మంది ప్రాణాలు తీసుకోవడం. ఇద్దరు స్త్రీలు, ఐదుగురు పిల్లలు మాత్రం దాక్కుని బతికారు. తర్వాత గైడు అందరినీ లోయ అంచున నిలబెట్టి ఒకేసారి అరవమంటాడు: ‘ఆమ్ ఇజ్రాయెల్ హాయ్’. ఇజ్రాయెల్ జాతి బతికే ఉంది అని అర్థం. ఒక్క క్షణం నిశ్శబ్దం. ఎదురుగా ఉన్న గోడలాంటి కొండ అదే మాటను తిరిగి అరుస్తుంది. ఆ ప్రతిధ్వనికి ఒళ్లు జలదరించిందని చెప్పనివాళ్లు తక్కువ.

అయితే ఈ కథ మొత్తానికి ఆధారం జోసీఫస్ అనే ఒక్క చరిత్రకారుడు. ఆయన యూదుల సేనానిగా ఉండి రోమన్లకు లొంగిపోయినవాడు. మసాదాలో జరిగింది కళ్లారా చూడలేదు. 1963 నుంచి 1965 వరకు అక్కడ జరిగిన తవ్వకాల్లో దొరికిన ఎముకలు ఆయన చెప్పిన సంఖ్యకు దరిదాపుల్లో లేవు. యూదుల మహాగ్రంథం తల్మూద్‌లో మసాదా ప్రస్తావనే లేదు. దాదాపు రెండు వేల ఏళ్లు రబ్బీలు పట్టించుకోని ఒక కొండను ఇరవయ్యో శతాబ్దపు జాతీయవాదం వెతికి తెచ్చుకుంది. మంచి గైడ్లు ఈ ముక్క కూడా చెబుతారు. కానీ ఆరింటి ఎండలో, ఆ ప్రతిధ్వని విన్న తర్వాత, పాదసూచిక ఎవరి చెవికెక్కుతుంది?

జెరూసలేంలో ఒక పూట యాద్ వాషెం. నాజీల చేతిలో చనిపోయిన అరవై లక్షల మంది స్మారకం. అందులో పిల్లల కోసం విడిగా ఒక చీకటి గది ఉంది. నాలుగైదు కొవ్వొత్తులే వెలుగుతుంటాయి. చుట్టూ అద్దాలు ఉండటం వల్ల అవి లెక్కలేనన్ని చుక్కల్లా కనిపిస్తాయి. ఒక గొంతు ఒక్కొక్క పేరూ, వయసూ, పుట్టిన దేశమూ చదువుతూ పోతుంది. చనిపోయిన పిల్లలు పదిహేను లక్షల మంది అని అంచనా. ఆ గదిలో చేతికమ్మీ పట్టుకుని, చీకట్లో ముందు నడిచేవాళ్ల వీపు తడుముకుంటూ బయటికి రావాలి.

ఆ స్మారకం ఉన్న హెర్జల్ కొండ మీదే, నడిచి వెళ్లేంత దూరంలో, ఇంకో చోటు ఉంది. సైనికుల శ్మశానం. చాలా బస్సులు రెండింటినీ ఒకే రోజు పెట్టుకుంటాయి, ఈ వరసలోనే. ముందు సొంత దేశం లేని జాతికి ఏమైందో చూడండి, తర్వాత దేశం నిలబెట్టడానికి ఏం ఇచ్చారో చూడండి అన్న వాక్యాన్ని ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు, కాళ్లే చెబుతాయి. అక్కడ అమెరికా నుంచి వచ్చి ఇజ్రాయెల్ సైన్యంలో చేరి 2006 లెబనాన్ యుద్ధంలో చనిపోయిన ఒక కుర్రాడి సమాధి దగ్గర చాలా బస్సులు ఆగుతాయి. సమాధి మీద పువ్వులు కాదు, చిన్న చిన్న రాళ్లు. యూదుల ఆచారం అది. రాళ్ల మధ్య బేస్‌బాల్ టోపీలు, చేతికి వేసుకునే రంగు పట్టీలు. తమ ఊరి జట్టు టోపీ ఇజ్రాయెల్ సమాధి మీద చూసిన పిల్లలకు ఆ చావు ఒక్కసారిగా దగ్గరైపోతుంది.

ఈ శ్మశానంలో నిలబడేటప్పుడు వాళ్ల పక్కన ఎవరుంటారన్నది ఇంకా ముఖ్యం. హీబ్రూలో మిఫ్‌గష్ అంటారు, కలయిక అని. యాత్రలో సగం కాలమో ఇంకా ఎక్కువో ఆరేడుగురు ఇజ్రాయెలీ కుర్రాళ్లు అదే బస్సులో తిరుగుతారు. ఎక్కువ మంది నిర్బంధ సైనిక సేవలో ఉన్నవాళ్లు. అదే వయసు, అదే పాటలు, అదే ఫోన్లు. రాత్రి నెగెవ్ ఎడారిలో బెడూయిన్ల (ఎడారి అరబ్బుల) గుడారంలో తీపి టీ తాగుతూ జోకులేసిన అబ్బాయి, మర్నాడు శ్మశానంలో యూనిఫాంలో నిలబడి తన స్నేహితుడి సమాధి చూపిస్తాడు. ఏ మ్యూజియమూ చేయలేని పని అది. కాలేజీ రెండో సంవత్సరంలో ఉన్న అమెరికా విద్యార్థికి, తన వయసువాడే అయిన ఆ సైనికుడి ముందు తన జీవితం తేలికగా కనిపిస్తుంది. కొందరికి అది గౌరవంగా మారుతుంది, కొందరికి అపరాధ భావంగా, మరి కొందరికి ప్రేమగా. ఈ బస్సుల్లో పుట్టిన ప్రేమలూ పెళ్లిళ్లూ బాగానే ఉన్నాయి. నిర్వాహకులు వాటిని దాచుకోరు సరికదా, మురిసిపోతారు. మొదలుపెట్టిన కారణం గుర్తుందిగా.

ఈ కలయికలో రెండో వైపు గురించి బయట తక్కువ మాట్లాడతారు, కానీ అదే ఎక్కువ ఆసక్తికరం. బస్సెక్కే ఇజ్రాయెలీల్లో చాలామందికి మతం అంటే రబ్బీల పెత్తనం, సబ్బాతు నాడు ఆగిపోయే బస్సులు, అంతే. అమెరికా నుంచి వచ్చిన అమ్మాయి శుక్రవారం సాయంత్రం గిటారు పట్టుకుని ప్రార్థన నడిపించడం, ఆడవాళ్లు రబ్బీలు కావడం వాళ్లు మొదటిసారి వినేది ఈ బస్సులోనే. యూదుడిగా ఉండటానికి ఇన్ని దారులున్నాయా అని వాళ్లు ఆశ్చర్యపోతారు. సొంత ఊళ్లో పుట్టినవాడికి ఆ ఊరి గురించి బయటినుంచి వచ్చినవాడు చెప్పడం మనకూ తెలిసిన అనుభవమే. అమెరికాలో కూచిపూడి నేర్చుకుని వచ్చిన మేనకోడలిని చూసి విజయవాడ పిల్లలు తెల్లబోయినట్టు.

పశ్చిమ గోడ దగ్గర మాత్రం లెక్క తప్పుతుంటుంది. రెండు వేల ఏళ్ల గుడి మిగిల్చిన గోడ. మగవాళ్లకు ఒక వైపు, ఆడవాళ్లకు చిన్నదైన మరో వైపు. రాళ్ల సందుల్లో మడిచిపెట్టిన చీటీలు. కొందరు నుదురు రాతికి ఆనించి ఏడుస్తారు. కొందరికి ఏమీ అనిపించదు. అందరూ కదిలిపోతున్న చోట తనకు ఏమీ అనిపించకపోతే మనిషి తనలోనే ఏదో లోటుందని అనుకుంటాడు. ఆ రాత్రి బృందం కూర్చుని ‘నీకేమనిపించింది’ అని వరసగా చెప్పుకునేటప్పుడు ఆ కుర్రాడు ఏదో ఒకటి అల్లి చెబుతాడు. తిరుమలలో ఐదు సెకన్ల దర్శనమై బయటికి వచ్చి, స్వామిని సరిగ్గా చూడనే లేదని పైకి అనలేని భక్తుడిలాగే. ఇంకో పక్క, చిన్నప్పుడు ఇంట్లో ఏ ఆచారమూ జరగనివాళ్లు ఇరవై రెండేళ్ల వయసులో, జెరూసలేంలో, బస్సు స్నేహితుల మధ్య బార్ మిత్స్వా చేయించుకుంటారు. పదమూడేళ్లకు జరగాల్సిన వేడుక. హీబ్రూ పేరు కూడా పెట్టించుకుంటారు. ఆ పేరు పెట్టుకున్న రోజు చూస్తే, ఇది కేవలం ప్రచారం అని కొట్టిపారేయడం కష్టం.

మరి బస్సు ఎక్కడికి వెళ్లదు?

ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంక్ పట్టణాలకు వెళ్లదు. బెత్లెహేముకు వెళ్లదు. జెరూసలేం నుంచి బెత్లెహేము పది కిలోమీటర్లు కూడా లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం క్రైస్తవ యాత్రికులకు జెరూసలేం యాత్ర సాయం ఇస్తూ వచ్చింది. 2019లో తక్కువ ఆదాయం వాళ్లకు దాన్ని 60 వేల రూపాయలకు పెంచింది. అలా వెళ్లిన గుంటూరు, గోదావరి జిల్లాల విశ్వాసులు యేసు పుట్టిన చోటు చూడటానికి బెత్లెహేము వెళ్లి తీరతారు. చెక్‌పోస్టు దాటతారు, ఎత్తైన కాంక్రీటు గోడ చూస్తారు, పాలస్తీనా అరబ్ గైడుతో మాట్లాడతారు, అరబ్ దుకాణంలో ఆలివ్ చెక్క సిలువలు కొంటారు. రాజకీయం కోసం వెళ్లని మన యాత్రికుడు మధ్యాహ్నం లోపల చూసేసే ఈ గోడను, ఆ దేశాన్ని తెలుసుకోవడానికే వచ్చిన యూదు యువకుడు పది రోజుల్లో ఒక్కసారి కూడా దగ్గరగా చూడడు. భద్రత కారణమని నిర్వాహకులు చెబుతారు. ఆ కారణం ఉత్తుత్తిది కాదు. బస్సు దారి ఎప్పటికప్పుడు భద్రతా కేంద్రం చెప్పినట్టు మారుతుంటుంది. కానీ భద్రత ఒక్కటే కారణమైతే, చూపించలేనిదాని గురించి కనీసం మాట్లాడవచ్చు. ఎంత మాట్లాడతారన్నది గైడును బట్టి ఉంటుంది.

ఈ అసంతృప్తి 2018 వేసవిలో బయటపడింది. జూన్ చివర్లో ఐదుగురు అమెరికా యువతులు యాత్ర ఆఖరి రోజున బస్సు దిగిపోయారు. ఫోన్‌లో ప్రత్యక్ష ప్రసారం పెట్టి మరీ దిగారు. ఇఫ్‌నాట్‌నౌ అనే, ఆక్రమణను వ్యతిరేకించే యూదు యువ సంస్థతో సంబంధం ఉన్నవాళ్లు. పాలస్తీనీయుల గురించి అడిగిన ప్రశ్నలకు పది రోజులూ సరైన జవాబు రాలేదని చెప్పి, మాజీ ఇజ్రాయెలీ సైనికులు నడిపే ‘బ్రేకింగ్ ద సైలెన్స్’ సంస్థతో వెస్ట్ బ్యాంక్‌లోని హెబ్రోను వెళ్లారు. ఆ వీడియోల్లో అసలు చూడాల్సింది వాళ్లను కాదు, మిగతా బస్సును. కొందరు చప్పట్లు కొట్టలేదు, తిట్టలేదు. తొమ్మిది రోజుల స్నేహితులు తమను మోసం చేసినట్టు ముఖాలు పెట్టారు. ఉచితంగా తీసుకెళ్లినవాళ్ల మీదే తిరగబడతారా అని తర్వాత పెద్దవాళ్లు అన్నారు. అన్నం పెట్టినవాళ్లను ప్రశ్నించకూడదన్న న్యాయం ఒక్క మనకే సొంతం కాదన్నమాట. ఆ తర్వాత ఇంకొన్ని బస్సుల్లోనూ అలాగే జరిగింది. 2019లో జే స్ట్రీట్ అనే ఉదారవాద యూదు సంస్థ రెండు వైపులా చూపించే సొంత ఉచిత యాత్ర నడిపింది.

ఇక్కడ విమర్శకులతో ఒక విషయంలో విభేదించాలి. పది రోజులు తిప్పితే మెదళ్లు కడిగేయవచ్చన్న అంచనా ఆ పిల్లలను మరీ తక్కువ చేస్తుంది. బస్సు దిగిపోయినవాళ్లు కూడా ఆ బస్సు తయారు చేసినవాళ్లే. ఇజ్రాయెల్ తమదని నమ్మారు కాబట్టే అక్కడ జరిగేదానికి తామూ జవాబుదారీ అనుకున్నారు. పట్టించుకోనివాడు బస్సు దిగడు, ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు.

ఫలితం ఉందా అంటే, ఉంది. మొదటి ఏళ్లలో సీట్ల కన్నా దరఖాస్తులు చాలా ఎక్కువ రావడంతో పరిశోధకులకు అనుకోని వరం దొరికింది. వెళ్లినవాళ్లనూ, అడిగి సీటు దొరకనివాళ్లనూ పోల్చి చూడవచ్చు. బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో లెనర్డ్ సాక్స్ బృందం ఏళ్ల తరబడి ఇదే చేసింది. వెళ్లొచ్చినవాళ్లకు ఇజ్రాయెల్ మీద దగ్గరితనం ఎక్కువ, యూదులనే పెళ్లి చేసుకునే అవకాశమూ ఎక్కువ అని తేలింది. ఈ అధ్యయనాలకు యాత్రా సంస్థ కూడా డబ్బిస్తుందని గుర్తుంచుకుంటూనే, పోల్చిన పద్ధతి మాత్రం గట్టిదని ఒప్పుకోవాలి. ప్రభుత్వాలు దీన్ని గమనించకుండా ఉండవు. భారత విదేశాంగ శాఖ కూడా ప్రవాస భారతీయ సంతతి యువత కోసం ‘నో ఇండియా’ కార్యక్రమం నడుపుతుంది. నలభై మంది దాకా ఒక జట్టు, సుమారు మూడు వారాలు, విమాన ఖర్చులో 90 శాతం వాపసు. ట్రినిడాడ్, ఫిజీ, దక్షిణాఫ్రికా పిల్లలు తాజ్‌మహల్, ఫ్యాక్టరీలు, అధికారుల ప్రసంగాలు చూసి వెళతారు. మన కార్యక్రమంలో లేనిది మిఫ్‌గష్. అదే వయసు భారతీయ పిల్లలను వారం పాటు అదే బస్సులో కూర్చోబెడితే, ప్రసంగాలు సగం తగ్గించినా నష్టం ఉండదు.

2023 అక్టోబర్ 7న హమాస్ చేసిన దాడి తర్వాత బస్సులు ఆగిపోయాయి. కొద్ది నెలలకే మళ్లీ మొదలైనా యాత్ర స్వరూపం మారింది. పనివాళ్లు లేక పండ్లు రాలిపోతున్న తోటల్లో కోతలకు, ఆహారం పొట్లాలు కట్టడానికి స్వచ్ఛంద యాత్రలు వచ్చాయి. మసాదా, యాద్ వాషెంల పక్కన నోవా సంగీత ఉత్సవం మీద దాడి జరిగిన మైదానం చేరింది. రెండు వేల ఏళ్ల కథలకు అలవాటు పడిన గైడ్లు నెలల కిందటి చావుల గురించి చెప్పాల్సి వచ్చింది. గాజాలో జరిగిన విధ్వంసం మాత్రం ఆ కిటికీలోంచి కనిపించదు. క్యాంపస్‌లో రోజూ దాని గురించే వాదించుకుని వచ్చిన పిల్లలతో నిండిన బస్సు అది.

2025 జూన్ 13న ఇరాన్‌తో యుద్ధం మొదలై ఇజ్రాయెల్ గగనతలం మూసేశారు. అప్పటికి యాత్రలో 2,800 మంది దాకా ఉన్నారు. ఎక్కువ మంది తొలిసారి వచ్చినవాళ్లు. కార్యక్రమం కాగితం మీద ఏముందో ఇక ఎవరికీ అక్కర్లేదు. సైరన్ మోగితే షెల్టరు, ఆగితే గది. కొన్ని రోజుల తర్వాత సుమారు 1,500 మందిని అష్‌దోద్ రేవులో ఒక విహార నౌక ఎక్కించి సైప్రస్‌లోని లార్నకాకు చేర్చారు. అక్కడి నుంచి ఫ్లోరిడా ప్రభుత్వం సాయంతో విమానాల్లో టాంపాకు. పాతికేళ్లలో నిర్వాహకులు ముందుగా రాసిపెట్టని అనుభవం బహుశా అదొక్కటే. షెల్టరులో వాళ్లు చూసింది అక్కడి జనం చూసేదే: అర్ధరాత్రి మెట్లు, పసిపిల్లల ఏడుపు, ఫోన్‌లో అమ్మ.

ఓడ తీసుకెళ్లింది విదేశాల నుంచి వచ్చినవాళ్లను. బస్సులో వాళ్లతో పాటు నంబర్లు పలికే ఇజ్రాయెలీ కుర్రాళ్లకు ఆ ఓడతో పని లేదు. యుద్ధం వస్తే వాళ్లు వెళ్లాల్సింది యూనిట్‌కు.